అటు తిరిగి కూర్చున్న ఆవిడ

బహ్రెయిన్‌లో అద్లియా అనే పేటలో ఆ ఇంటికి పనికి చేరిన రోజు హాల్లో దుమ్ము దులుపుతూ గోడకి తగిలించిన ఒక రంగుల బొమ్మ దగ్గరికొచ్చి ఆగిపోయాను. దాదాపు నా ఎత్తు ఉంది. పాతకాలపు గది, నేల మీద చాప, చాప మీద ఒక ఆడమనిషి. గోడకేసి తిరిగి కూర్చుంది. ఆకుపచ్చ గౌను, తల మీద పల్చటి నల్లగుడ్డ. మొహం కనపడదు. వీపు ఒక్కటే.

ఆ వీపు నాకు తెలుసు అనిపించింది. చేతిలో గుడ్డ అక్కడే వదిలేసి వంటింట్లోకి వెళ్ళి, కుళాయి తిప్పి, అక్కర్లేకపోయినా చేతులు కడుక్కున్నాను.

ఎందుకలా అయ్యిందో చెప్పాలంటే అంతకుముందు సంగతి చెప్పాలి. అప్పటిదాకా నేను హూరా పేటలో ఒక గదిలో ఇంకొందరు ఆడవాళ్ళతో కలిసి ఉండేదాన్ని. మాది నర్సాపురం దగ్గర పల్లె. మా పక్క ఊరి అక్క ఒకావిడ నన్ను బహ్రెయిన్ తీసుకొచ్చింది. చుట్టమేమీ కాదు, కానీ చుట్టాలకంటే ఎక్కువే చేసింది. తను హోటల్లో గదులు శుభ్రం చేసే పని చేసేది, నేను ఇళ్ళల్లో గంటల లెక్కన చేసేదాన్ని. పొద్దున్నే నేను ముందు బయల్దేరేదాన్ని. అక్క రోజూ తలుపు దాకా వచ్చేది. "రోడ్డు దాటేటప్పుడు చూసుకోవే, ఇక్కడ బళ్ళు అటునుంచి వస్తాయి" అని అనేది. వచ్చి ఏళ్ళు గడిచినా ఆ మాట మానలేదు.

ఒకరోజు మాత్రం రాలేదు. మంచం మీద గోడకేసి తిరిగి కూర్చునుంది. "ఏంటక్కా, డ్యూటీ లేదా?" అన్నాను. తిరగలేదు. "తలుపేసి వెళ్ళు" అంది, అంతే. మధ్యాహ్నం నేను ఒక ఇంట్లో బట్టలు ఇస్త్రీ చేస్తుంటే ఫోనొచ్చింది. హోటల్లో మెట్ల దగ్గర కూలబడిపోయిందట. గుండె ఆగిపోయిందన్నారు.

గదిలో మిగతా ఆడవాళ్ళు తలో మాటా అన్నారు. పొద్దున్నే ఆవిడకి తెలిసిపోయిందని ఒకామె అంది. మనసులో ఏదో బాధ పెట్టుకునే అలా గోడకి తిరిగిందని ఇంకొకామె అంది. నేనూ అదే నమ్మాను. చివరిసారి నా మొహం చూడటానికి కూడా ఆవిడకి మనసు రాలేదనుకున్నాను. ఆ తర్వాత ఎక్కడ ఎవరి వీపు చూసినా నాకు చలేసేది. కోల్డ్ స్టోర్‌లో, అంటే ఇక్కడి కిరాణా కొట్లో, పాల ప్యాకెట్ కోసం నిలబడితే ముందున్నావిడ వీపు. బస్టాపులో వీపు. ఎండాకాలం నడినెత్తిన సూర్యుడున్నప్పుడు కూడా ఒళ్ళు జలదరించేది. ఆ గదిలో ఉండలేక, ఇంట్లోనే ఉండే పని ఏదైనా ఉంటే చెప్పమని తెలిసినవాళ్ళందర్నీ అడిగాను.

జగిత్యాల వైపు తమ్ముడొకడు చెప్పాడు. ముందు మీనా సల్మాన్ రేవులో గోడౌన్లో సామాన్లు మోసేవాడు, తర్వాత ఈ అద్లియా ఇంట్లో డ్రైవర్‌గా చేరాడు. "పెద్దమనిషి ఒక్కతే ఉంటదక్కా. మంచిదే గని ప్రశ్నలు మస్తు అడుగుతది. దుబాయిల గిట్లాంటి ఇల్లు దొరకది" అన్నాడు. ఇది దుబాయి కాదు కదా తమ్ముడూ అంటే, "గదే, దుబాయే" అన్నాడు.

ఆ పెద్దావిడ ఆడపిల్లల బడిలో డ్రాయింగ్ టీచర్‌గా చేసి రిటైరైంది. నన్ను మేడం అననివ్వలేదు, అబ్లా అని పిలవమంది. ఇక్కడ బడిపిల్లలు టీచరమ్మని అలా పిలుస్తారు. ఆవిడ నన్ను బింతీ అనేది, అంటే నా బిడ్డా అని. మా మాటలు సగం హిందీ, కాస్త అరబీ, మిగిలింది చేతులతో. రాస్తుంటే మాత్రం అన్నీ తెలుగులోనే వస్తున్నాయి.

అబ్లాకి చూపు పోతోంది. మొత్తం చీకటి కాదు. చూసేచోట మసక, పక్కల కొంచెం కనపడుతుంది. గ్లాసు తీసుకోవాలంటే గ్లాసు పక్కకి చూసేది. ఇంటి నిండా బొమ్మలు. తను వేసినవి కొన్ని, శిష్యురాళ్ళు ఇచ్చినవి కొన్ని. భోజనమయ్యాక, బయట రెస్టారెంట్ల వీధి కూడా కునుకు తీసే ఆ వేళలో, నన్ను ఒక బొమ్మ ముందు కూర్చోబెట్టి "ఏముంది చెప్పు" అనేది.

మొదటిది సముద్రం బొమ్మ. "చాలా బాగుందబ్లా" అన్నాను.

"బాగుంది అన్నాక ఇంకేం మాట్లాడతాం? ఏముందో చెప్పు."

"సముద్రం. పడవ."

"పడవలో?"

"మనుషులు."

"ఏం చేస్తున్నారు?"

చూశాను. తాళ్ళు పట్టుకుని నిలబడ్డారు. తాళ్ళు నీళ్ళలోకి దిగి ఉన్నాయి. ఆ మాటే చెప్పాను. కింద మునిగినవాళ్ళు ముత్యాల కోసం వెళ్ళారని, పైనున్నవాళ్ళ పని తాడు కదిలితే లాగడమని ఆవిడ చెప్పింది. "ఇప్పుడు చెప్పు, వాళ్ళ మొహాలు ఎటున్నాయి?" అంతా నీళ్ళకేసి చూస్తున్నారు, ఒక్కడు తప్ప. వాడు ఆకాశంకేసి చూస్తున్నాడు. "ఎందుకు?" అంది. తెలీదన్నాను. "తెలీదని తేలిగ్గా వదలకు. వాడి చేతులు చూడు." వాడి చేతిలో తాడు వదులుగా ఉంది. కిందున్నవాడు తాడు కదిపినా వీడికి తెలీదు. బాగుంది అన్న బొమ్మ కాదది ఇక.

అలా సాగింది. ముందు ఉన్నది చెప్పాలి. ఏమనిపించిందో తర్వాత. అనిపించిందాన్ని బొమ్మలో ఎక్కడ చూశావో వేలు పెట్టి చూపించాలి. వేలు పెట్టలేకపోతే అది బొమ్మలోది కాదు, నీలోది. "నీలోది తప్పని కాదు, కానీ అది వేరే ఖాతా" అనేది ఆవిడ. నేను ఇంటర్ దాకా చదివాను. పద్యానికి అర్థం అంటే గైడులో ఉన్నది బట్టీ పట్టడమే అప్పట్లో. ఒక్కో మాటా పట్టుకుని ఇది ఇక్కడెందుకుంది అని ఎవరూ అడగనివ్వలేదు. అడిగితే సమయం లేదనేవారు. ఈవిడకి సమయమే ఉంది.

డ్రైవర్ తమ్ముడికి ఇదంతా నచ్చేది కాదు. "బొమ్మంటే బొమ్మే అక్కా. గంత తవ్వుడెందుకు? తవ్వితె అందం పోదా?" అనేవాడు. నాకూ మొదట్లో ఆ భయముండేది. కానీ పోయింది అందం కాదు. నాలో ఉన్న ఒకరకం బద్ధకం పోయింది.

హాల్లో బొమ్మ దగ్గరికి మాత్రం అబ్లా నన్ను తీసుకెళ్ళలేదు. నేనూ ఆ గోడ తుడిచేటప్పుడు పక్కకి చూస్తూ తుడిచేదాన్ని. నా వెనక బొమ్మలో ఆవిడ తల కొద్దిగా తిప్పుతున్నట్టు అనిపించేది. ఒకసారి మంచినీళ్ళు పట్టుకెళ్తూ, ఆగి, నేనే అడిగేశాను. "అబ్లా, హాల్లో కూర్చున్నావిడ ఎవరు?"

గ్లాసు బల్ల మీద పెట్టమని చేత్తో చూపించి, ఆవిడ చెప్పడం మొదలుపెట్టింది.

అది అబ్లా చెల్లెలు వేసిన బొమ్మ. ముహర్రక్‌లో వాళ్ళకి పాత ఇల్లుండేది. తల్లిదండ్రులు పోయాక దాన్ని అమ్మేద్దామని అబ్లా, వద్దని చెల్లెలు. పెళ్ళి చేసుకోకుండా చెల్లెలు ఆ ఇంట్లోనే ఉండిపోయింది. మాటా మాటా పెరిగి అబ్లా ఆ గుమ్మం తొక్కడం మానేసింది. ఏడాది తిరక్కుండా చెల్లెలు జ్వరంతో ఆసుపత్రిలో చేరి తిరిగి రాలేదు. కబురు అబ్లాకి ఆలస్యంగా అందింది. తర్వాత ఇల్లు ఖాళీ చేసినవాళ్ళు దుప్పటి చుట్టి ఈ బొమ్మ తెచ్చి ఇచ్చారట. నేను పుట్టకముందు మాట అది.

"దుప్పటి విప్పి ఒక్కసారి చూశాను" అంది అబ్లా. "వీపు చూపిస్తూ కూర్చున్నది నేనే. నువ్వు ఇంటికి వీపు తిప్పావని చెప్పి పోయింది అది. మళ్ళీ చుట్టేసి బీరువా వెనక పెట్టాను. చూపు ఉన్నన్నాళ్ళూ బయటికి తీయలేదు. ఇప్పుడు కనపడదు కాబట్టి గోడకి పెట్టించాను."

పిల్లలకి జీవితమంతా చూడటం నేర్పిన మనిషి ఒక్క బొమ్మని ఒక్కసారే చూసి మూసేసింది. ఆ మాట నేను అనలేదు. ఆవిడే అంది, కాస్త నవ్వి. "ఏ బొమ్మైతే మనల్ని భయపెడుతుందో దాన్నే మనం సరిగ్గా చూడం బింతీ. పద, చెప్పు నాకు."

అలా ఆ బొమ్మ ముందు కుర్చీలు వేసుకున్నాం. చాప దగ్గర మొదలుపెట్టాను. చాప అంచు, దాని అల్లిక. ఎడంపక్క కిటికీ, అందులోంచి పడే వెలుగు. గోడలో వరసగా గూళ్ళు, ఒక్కోదాని పైన కమాను, సున్నం రంగు. తర్వాత మనిషి. వీపు. కుడిచెయ్యి కనపడదు, ఒళ్ళో ఉందేమో. ఎడంచెయ్యి వెనక్కి చాప మీద ఆన్చి, దాని మీద బరువు వేసి కూర్చుంది.

"చెయ్యి ఎలా ఉంది?"

"మామూలుగా ఉంది. వేళ్ళ చివర్లు మాత్రం కొంచెం నీలంగా ఉన్నాయి. చచ్చినవాళ్ళ వేళ్ళలా."

"అది నీ ఖాతా. నీలం ఎలా ఉంది? లోపల్నించి వచ్చినట్టా, పైన అంటినట్టా?"

దగ్గరికి వెళ్ళి చూశాను. అంత దగ్గరగా వెళ్ళడం అదే మొదటిసారి. నీలం గోళ్ళ మీద కూడా ఉంది. వేలి ముడతల్లో ఎక్కువ, పైన తక్కువ. "అంటినట్టే ఉందబ్లా. రంగు అంటుకుంటే కడుక్కున్నా మిగిలిపోయినట్టు."

"ఎడంచేతికా? సరిగ్గా చూడు."

"ఎడంచేతికే."

ఆవిడ లేచి నిలబడింది, మళ్ళీ కూర్చుంది. చెల్లెలిది ఎడంచేతివాటం. అన్నం ఒక్కటీ కుడిచేత్తో, మిగతావన్నీ ఎడంచేత్తో. కుంచె కూడా. అబ్లా రంగులు వేసేది కుడిచేత్తో. "ఆగు, ఒకవేళ అద్దంలో చూసి వేసిందా? అప్పుడు చేతులు తారుమారవుతాయి." ఆవిడే అడిగి, ఆవిడే జవాబు వెతికింది. కిటికీ ఎటుందని మళ్ళీ అడిగింది. ఎడంపక్క అన్నాను. గదిలోకి వెళ్తుంటే కిటికీ నిజంగా ఎడంపక్కే ఉండేదట. అద్దం కాదు. తనని తానే వెనకనుంచి ఊహించుకుని వేసుకుంది.

"అయితే ఇందులో నేను లేను" అంది అబ్లా.

ఊరట పడుతుందనుకున్నాను. పడలేదు. మొహం ఇంకా చిన్నదైపోయింది. ఇన్నేళ్ళూ చెల్లెలు తనని తిడుతూ ఒక బొమ్మ వేసిందని నమ్మి బతికింది. ఇప్పుడు ఆ తిట్టు కూడా లేదు. చెల్లెలు చివరిదాకా తన గురించి అసలు ఆలోచించిందో లేదో కూడా తెలీదు. తర్వాత కొన్నాళ్ళు ఆ బొమ్మ ఊసెత్తలేదు. బొమ్మలే ఊసెత్తలేదు. చూడకుండా వదిలేసి ఉంటే బాగుండేదేమో, ఆవిడకి ఆ తిట్టైనా మిగిలేదేమో అని నాకు గట్టిగా అనిపించిన రోజులవి.

తర్వాత గాలి రోజు వచ్చింది. ఇక్కడ ఒక్కోసారి దుమ్ముతో గాలి లేస్తుంది. ఆకాశం మట్టిరంగుకి తిరుగుతుంది, కిటికీలు మూసినా నోట్లో ఇసుక తగులుతుంది. సాయంత్రానికి గాలి తగ్గి ఎండ మళ్ళీ వచ్చింది. హాలు తుడుస్తున్నాను. పడమటి కిటికీ నా వెనకుంది. నా నీడ ఎదురుగోడ మీద, బొమ్మ మీద, ఆవిడ వీపుకి కింద పడింది. నేను బకెట్ కోసం పక్కకి జరిగాను. నా నీడ నాతో వచ్చేసింది. బొమ్మ మీద ఒక నీడ మిగిలిపోయింది.

చేతిలో గుడ్డ జారిపోయింది. తల, భుజాలు, పొడుగ్గా సాగిన మనిషి నీడ. చాప కింది అంచునుంచి మొదలై ఆవిడ ఎడంచేతిదాకా వచ్చి ఆగింది. అన్నాళ్ళూ దాన్ని చెమ్మ మరక అనుకున్నాను. దుప్పట్లో చుట్టి ఉంచారు కాబట్టి మరకలు పడ్డాయనుకున్నాను. వాలు ఎండలో, రంగు గీతలన్నీ పైకి తేలినప్పుడు, అది మరక కాదని తెలిసింది. కుంచెతో వేసిన నీడ.

నా మొదటి ఆలోచన పారిపోదామని. రెండోది, అబ్లా అడిగే ప్రశ్న: వెలుగు ఎటునుంచి? నిలబడి చూశాను. కిటికీ వెలుగు ఎడమనుంచి వస్తోంది. ఈ నీడ మాత్రం మన వైపునుంచి, ముందుకి పడింది. అంటే మన వెనక ఇంకో వెలుగుంది. తలుపు తెరిచి ఉంది. గుమ్మంలో ఎవరో నిలబడ్డారు. మనం నిలబడ్డచోటే.

వెళ్ళి అబ్లాకి చెప్పాను. ఆవిడ పడకకుర్చీలో నిటారుగా లేచింది. "నీడ తల మీద గుడ్డ ఉందా? మగమనిషా, ఆడమనిషా?"

"చెప్పలేనబ్లా. భుజాలు గుండ్రంగా ఉన్నాయి. తల మీంచి నల్లటి అబాయా వేసుకుంటే అలా ఉంటుంది. వేసుకోకపోయినా ఉండొచ్చు."

"అలాగే చెప్పు. తెలిసినంతే చెప్పు."

ఆవిడ అంది: "అది నేనై ఉండొచ్చు. తను కూర్చుని ఉంది, నేను వచ్చి గుమ్మంలో నిలబడ్డాను, తనింకా చూడలేదు. నేను వస్తానని వేసుకుంది." తర్వాత గట్టిగా తలూపింది, కాదన్నట్టు. "ఈ అర్థం నాకు తియ్యగా ఉంది. అందుకే దీన్ని ఎక్కువ అనుమానించాలి. చేదుగా ఉన్నదాన్ని అప్పుడు అనుమానించకుండా మింగేశాను. ఇప్పుడు తియ్యనిదాన్ని కూడా అలాగే మింగితే ఇన్నేళ్ళు నేనేం నేర్చుకున్నట్టు?"

ఆ రోజే నేను అక్క సంగతి చెప్పాను. అప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. హూరాలో గది, మంచం, గోడకేసి తిరిగిన వీపు, తలుపేసి వెళ్ళు అన్న మాట. ఓదారుస్తుందనుకున్నాను. "ఏముందో చెప్పు" అంది. కోపమొచ్చింది నాకు. అక్క బొమ్మ కాదు కదా. కానీ ఆవిడ చెయ్యి నా చేతి మీద వేసి ఆగింది, తొందరపెట్టకుండా. మొదలుపెట్టాను.

ట్యూబ్‌లైట్ వేసుంది. మంచం మీద గళ్ళ దుప్పటి. అక్క నీలం యూనిఫాం వేసుకుని ఉంది.

"యూనిఫాం వేసుకుందా?"

వేసుకుంది. అంటే డ్యూటీకి వెళ్ళేటట్టే ఉంది. అది నాకు ఎప్పుడూ తెలుసు. కానీ ఎప్పుడూ దాన్ని లెక్కలోకి తీసుకోలేదు.

"చేతులెక్కడున్నాయి?"

కళ్ళు మూసుకున్నాను. మోచేతులు. రెండు మోచేతులూ పైకి లేచి ఉన్నాయి, తలకి రెండుపక్కలా. జడ వేసుకుంటోంది. మాట ముద్దగా వచ్చింది, నోట్లో ఏదో పెట్టుకున్నట్టు. జడపిన్నులు పళ్ళతో పట్టుకుని ఎవరైనా అలాగే మాట్లాడతారు. తిరిగింది గోడకేసి కాదు, అద్దంకేసి, గోడకి మా అద్దం అతికించి ఉండేది. చేతికందే అద్దం ముక్క, మేమందరం అక్కడే బొట్టు పెట్టుకునేవాళ్ళం.

ఏడుపొచ్చేసింది. అబ్లా నన్ను ఏడవనిచ్చింది. తర్వాత మెల్లగా అడిగింది. "ఆ మోచేతులు అప్పుడు చూశావా, ఇప్పుడు గీస్తున్నావా?"

నిజం చెప్పాలి కాబట్టి తెలీదన్నాను. యూనిఫాం మాత్రం చూశాను. మాట ముద్దగా రావడం విన్నాను. మోచేతుల సంగతి ఒట్టేసి చెప్పలేను.

ఆ ఆలోచన ఇంకో భయాన్ని తెచ్చింది. అక్క అద్దంకేసి తిరిగి ఉంటే, అద్దంలోంచి నన్ను చూసుంటుంది. నేను వీపే అనుకుంటున్నంతసేపూ ఒక జత కళ్ళు నన్ను చూస్తూ ఉన్నాయేమో. నేను పట్టించుకోకుండా తలుపేసి వచ్చేశానేమో. దాంతో మనసు నిలవలేదు. శుక్రవారం సెలవు అడిగి హూరా వెళ్ళాను.

గదిలో ఇప్పుడు కొత్తవాళ్ళు. పాలకొల్లు వైపు అమ్మాయిలు. అక్క పేరు చెబితే తెలీదన్నారు గానీ లోపలికి రమ్మని టీ పెట్టారు. అద్దం లేదు. గోడ మీద జిగురు మరకలు మాత్రం ఉన్నాయి, అది అంతకుముందు ఉన్నచోటే. మంచం కూడా పాత చోటే, ఇంకెక్కడా పట్టదు ఆ గదిలో. ఒకమ్మాయిని అడిగి చేతి అద్దం తీసుకుని మరకల మీద ఆనించి పట్టుకోమన్నాను. మంచం మీద అక్క కూర్చున్నట్టు కూర్చున్నాను. ఇంకో అమ్మాయిని గుమ్మంలో నిలబడమన్నాను. పిచ్చిదాన్ని చూసినట్టు చూసినా మాట కాదనలేదు.

అద్దంలో మొహం కనపడలేదు. అద్దం కిందికి వాలుగా ఉండేది, జిగురు కూడా పైన మందంగా, కింద పల్చగా మిగిలింది. గుమ్మంలో పిల్ల కాళ్ళు కనపడ్డాయి. పాదాలు, చీలమండలు, వేసుకున్న చెప్పులు. అంతే.

అక్క నన్ను చూసిందో లేదో ఇప్పటికీ తెలీదు. చూసుంటే నా పాదాలు చూసుంటుంది. అది చాలా అని ఎవరైనా అడిగితే చాలదనే చెప్తాను. కానీ తను మనసు విరిగి నాకు వీపు తిప్పిందన్న మాట మాత్రం నేనిక అనుకోలేను. దానికి వేలు పెట్టి చూపించడానికి ఏమీ లేదు. గదిలో ఆడవాళ్ళు చెప్పారు, నేను నమ్మాను, అంతే. వీపులు చూస్తే చలేయడం పూర్తిగా పోలేదు. ఇప్పుడు ఆ చలి వచ్చినప్పుడు నిలబడి చూస్తాను, చేతులెక్కడున్నాయా అని.

తర్వాతి చలికాలంలో అబ్లా కూతురు ఆవిడని రిఫాలో తన ఇంటికి తీసుకెళ్ళింది. ఒంటరిగా ఉండే వీల్లేదన్నారు డాక్టర్లు. అద్లియా ఇల్లు అద్దెకిచ్చేస్తారు. వారమంతా నేనూ డ్రైవర్ తమ్ముడూ సామాన్లు సర్దాం. గిన్నెలు, పుస్తకాలు, తివాచీలు. బొమ్మలు కొన్ని కూతురికి, కొన్ని పాత శిష్యురాళ్ళకి. అటు తిరిగి కూర్చున్న ఆవిడని మాత్రం తను పాఠాలు చెప్పిన బడికే ఇమ్మంది అబ్లా. "పిల్లలు చూస్తారు. నాకంటే బాగా చూస్తారు" అంది.

బొమ్మని బండిలో పెట్టుకుని బడికి తీసుకెళ్ళాం. వరండాలో గోడకి ఆనించి, తాళాలు తెచ్చేవాళ్ళ కోసం నిలబడ్డాం. పొద్దుటి ఎండ నేరుగా పడుతోంది. ఇన్నాళ్ళూ బొమ్మంటే బొమ్మే అన్న తమ్ముడు దాని ముందు గొంతుకూర్చున్నాడు.

"అక్కా, నాకైతే ఇల్లు ఖాళీ చేసి పోయెటప్పుడు ఒక్కపారి కూసున్నట్టు కొడుతుంది."

"ఎందుకలా అనుకున్నావు?" నాకు తెలీకుండానే అబ్లా ప్రశ్న నా నోట్లోంచి వచ్చింది.

"గూళ్ళు సూడు. ఒక్క సామాను లేదు. మనం నిన్న వంటిల్లు ఊడ్చినంక గిట్లనే లేదా?"

చూశాను. కమానులు, సున్నం రంగు, గూళ్ళ లోతు, అన్నీ నేను అబ్లాకి చెప్పినవే. వాటిలో ఏముందో ఎప్పుడూ చెప్పలేదు. ఏమీ లేదు కాబట్టి చెప్పడానికి ఏమీ లేదనుకున్నాను. ఉన్నదే చెప్పాలనే పాఠాన్ని అంత గట్టిగా పట్టుకున్నాను, లేనిది కూడా ఎవరో వేసిందేనని తట్టలేదు.

అక్కడే నిలబడి, స్పీకర్ పెట్టి, అబ్లాకి ఫోన్ చేశాను. విషయం చెప్పాను.

"అన్నీ ఖాళీయా?" అంది. "కిటికీ పక్కది కూడా?"

"అన్నీ అబ్లా."

"ఆ గూట్లో మా అమ్మ పన్నీటి బుడ్డి ఉండేది. మా చెల్లెలు దాన్ని ఎవర్నీ కదపనిచ్చేది కాదు." ఆ వెంటే అంది: "సర్దేసుకుందన్నమాట. నా దగ్గరికి వచ్చేద్దామనే సర్దుకుంది. లేకపోతే..." ఆగింది. ఆ రెండో సగం ఆవిడే వెతుక్కుంటోంది. వరండా చివర పిల్లలు వరసలో వస్తున్న చప్పుడు వినపడుతోంది. ఫోన్లో అబ్లా ఇంకా లైన్లోనే ఉంది.

"తమ్ముడిని అడుగు" అంది, "గూళ్ళలో దుమ్ము వేసిందా, శుభ్రంగా తుడిచినట్టు వేసిందా? దుమ్ముంటే ఎప్పుడో ఖాళీ అయినవి, తుడిచుంటే అప్పుడే సర్దుకున్నవి."

తమ్ముడు నాకంటే ముందే విని, వంగి, మొహం బొమ్మకి దగ్గరగా పెట్టాడు.